మూలనున్న గుండ్రటి ఫోటో

సూర్యాపేట కొత్త బస్టాండు వెనక పెళ్లిపత్రికలు, ఫ్లెక్సీలు, ఆల్బమ్‌లు చేసే ముఖేష్‌కు ఒక పిచ్చి ఉంది. కొందరికి బండ్ల పిచ్చి, కొందరికి క్రికెట్ పిచ్చి, ఈయనకు బ్రౌజర్‌లో పెట్టుకునే ఎక్స్‌టెన్షన్ల పిచ్చి. పత్రికలు వేయించుకుందామని వచ్చిన పెళ్లికూతురి తండ్రిని కూడా కూర్చోబెట్టి పాఠం మొదలుపెట్టేవాడు.

"ఇదేమో యాడ్లు రానియ్యది. ఇదేమో మనం ఏ సైటుకు పోయినమో ఎవరికీ తెల్వనియ్యది. ఇంకోటున్నది, కుక్కీలు ఒప్పుకుంటవా లేదా అని సతాయించే డబ్బాలను దానంతటదే మూసేస్తది. జర సూడు పెద్దనాయినా!"

ఆ పెద్దమనిషికి కావలసింది ముహూర్తం దగ్గర అచ్చుతప్పు పడకపోవడం. అయినా పాపం, తలూపేవాడు.

ఆ దుకాణంలో డిజైన్ పని అనూషది. దామరచర్ల దగ్గర తండా పిల్ల. డిగ్రీ కాగానే పనిలో చేరి, ఆల్బమ్ పేజీ పేర్చడం దగ్గర్నుంచి అన్నీ ముఖేష్ దగ్గరే నేర్చుకుంది. ఏటా ఆయన చేతికి రాఖీ కట్టేది. అన్నా అని నోటిమాటకు పిలవడం కాదు, నిజంగానే అన్న అనుకుంది. ఇది గుర్తుపెట్టుకోండి.

అనూష ఒక పాత ల్యాప్‌టాప్ కొనుక్కున్న రోజు ముఖేష్ భోజనం కూడా మానేసి దాని ముందు కూర్చున్నాడు. వీడియోల ముందు వచ్చే యాడ్లు ఆగిపోయాయి. పాస్‌వర్డులు గుర్తుపెట్టుకునేది వచ్చింది, కళ్లు మంట పుట్టకుండా తెర నల్లగా చేసేది వచ్చింది. వీటన్నిటికీ మకుటంలాగా చిన్న డాలు బొమ్మ ఒకటి పైన కూర్చుంది. ఏ పేజీ తెరిచినా, అక్కడ మనమీద నిఘా పెట్టబోయిన వాళ్లను ఎంతమందిని ఆపిందో ఆ డాలు మీద ఎర్రటి అంకె పడుతుంది. అనూషకు అది భలే నచ్చింది.

"ఇగ నీ వెనక ఎవడూ తొంగిసూడడు చెల్లె," అన్నాడు ముఖేష్.

"గా మూలకు నీ ఫోటో ఎందుకున్నదన్నా?"

తెర పైమూలలో ముఖేష్ ముఖం గుండ్రంగా, చిన్నగా నవ్వుతూ ఉంది.

"నా ఐడీతోని లాగిన్ అయిన గద. ఒక్కొక్కటి ఎక్కించుకుంట కూసుంటే పొద్దుగూకుతది. గిట్లయితే నా కాడున్నయన్నీ వాటంతటవే దిగుతయ్. దాన్ని ముట్టుకోకు, తీసినవంటే అన్నీ పోతయ్."

అనూష ముట్టుకోలేదు. ఎందుకు ముట్టుకుంటుంది, అన్న కాదూ!

ఆ ల్యాప్‌టాప్‌లోనే ఆమె కలకు రెక్కలొచ్చాయి. మిర్యాలగూడలో సొంత దుకాణానికి ఒక మడిగె, అంటే ఒక గది, కిరాయికి తీసుకోవాలి. ఆల్బమ్ అట్టలమీద, పెళ్లిపత్రికలమీద తండా పని కుట్టించాలి. తల్లి మంగ్లీ పైటకొంగుకు గవ్వలు, అద్దాలు కుట్టిందంటే చూసినవాళ్లు కళ్లు తిప్పుకోలేరు. ఆ చేతిపని అట్ట మీదికి ఎక్కితే ఎవరు కాదంటారు? దుకాణానికి పేరు కూడా అనుకుంది. "గవ్వలు." అంతే, ముందూ వెనకా ఇంకేం లేదు. పని ముగించుకుని గదికి రాగానే సాగర్ రోడ్డులో మడిగెల కిరాయిలు వెతికేది, గవ్వలు టోకున ఎక్కడ దొరుకుతాయో చూసేది, ఆ పేరుతో ఇంకెవరికైనా దుకాణం ఉందేమోనని తిరగేసేది.

ఈ సంగతి ఒక్క పూర్ణిమకే చెప్పింది. పూర్ణిమ కోదాడ పిల్ల, డిగ్రీలో హాస్టల్ గదిలో తోడు. ఇప్పుడు వాళ్లమ్మతో కలిసి అక్కడి బస్టాండు దగ్గర గాజుల దుకాణం చూసుకుంటోంది. "ఎవ్వలకూ చెప్పకే, మా అమ్మకు గూడ చెప్పలే," అని ఒట్టు వేయించుకుంది అనూష. ముఖేష్‌కు మాత్రం రాఖీ పండుగనాడు తనే చెప్పాలనుకుంది. చేతికి రాఖీ కట్టి, మిఠాయి నోట్లో పెట్టి, అన్నా నువ్వొచ్చి రిబ్బన్ కత్తిరించాలె అని అడగాలనుకుంది. ఆ మాట అద్దం ముందు నిలబడి చెప్పుకుని చూసుకుంది కూడా.

రాఖీ ఇంకా రానేలేదు. ఒక పొద్దున ముఖేష్ మిఠాయి డబ్బా పట్టుకుని దుకాణానికి వచ్చాడు.

"నోరు తెరువ్ చెల్లె! మిర్యాలగూడల బ్రాంచి పెడుతున్న. సాగర్ రోడ్డుల మడిగె ఖాయమైంది. దాన్ని సూసుకునేది నువ్వే. మీ ఇంటికి గూడ దగ్గరైతది గద?"

అనూష నోట్లో లడ్డూ అలాగే ఉండిపోయింది. ఆ మడిగె ఆమె చూసి పెట్టుకున్నదే. ఓనరుకు ఫోన్ చేద్దామని మంచిరోజు కోసం ఆగింది.

"బోర్డు డిజైన్ మొదలువెట్టు. జర కొత్తగుండాలె. పేరు 'గవ్వలు'. అట్టలకు మీ తండా పని కుట్టిపిద్దామనుకుంటున్న. ఎట్లున్నది ఐడియా?"

ఎట్లుందట! కడుపులో పెట్టుకున్న బిడ్డను ఎవరో ఎత్తుకెళ్లి, వాళ్ల ఇంట్లో తొట్లె కట్టి, వచ్చి జోల పాడమని పిలిచినట్టుంది. అనూష ఆ పూట బోర్డు డిజైన్ చేసింది. గ పేర్చింది, వ్వ పేర్చింది, లు పేర్చింది. మానిటర్ అడ్డంగా ఉండబట్టి ఏడుపు ఎవరికీ కనబడలేదు.

ఈ పేరు తెలిసింది ఇద్దరికే. ఒకరు తను. ఇంకెవరు? ఆలోచించడానికి ఏముంది! రాత్రే ల్యాప్‌టాప్‌లో కోదాడ బస్సుల వేళలు చూసుకుని, మర్నాడు సెలవు పెట్టి బస్సెక్కింది. గాజుల దుకాణంలో శ్రావణమాసపు గిరాకీ, ఆడవాళ్లు కిటకిటలాడుతున్నారు. అందరి మధ్యా నిలబడి అడిగేసింది.

"ఎంతకు అమ్ముకున్నవే నన్ను?"

పూర్ణిమ చేతిలో గాజుల దొంతర అలాగే ఉంది. "ఏంటే? ఏమైంది?"

"ముఖేషన్నకు చెప్పినవ్. మడిగె చెప్పినవ్, పేరు చెప్పినవ్. నీకు తప్ప ఎవ్వలకు ఎర్క? నా నోట్ల మన్ను కొట్టినవ్ గదనే!"

"నేను చెప్పానా? అనూ, నా మొహం చూసి ఆ మాట అను."

అనూష ఆ మొహం చూసింది. చూసి, ఏమాత్రం తడబడకుండా అదే మాట మళ్లీ అంది. గాజులు వేయించుకోడానికి చేయి చాపిన ఒకావిడ దాన్ని వెనక్కి తీసుకుంది. పూర్ణిమ తల్లి ఏదో చెప్పబోతే, "వద్దమ్మా, ఊరుకో," అంది పూర్ణిమ. తల వంచుకుని గాజులు సర్దడం మొదలుపెట్టింది. తప్పుచేసిన మనిషి అలాగే ఉంటుందిలే అనుకుంటూ అనూష తిరుగు బస్సెక్కింది.

గదికొచ్చాక ఎవరితో చెప్పుకోవాలో తెలియలేదు. ఎప్పుడూ చెప్పుకునేది పూర్ణిమతోనే కదా! ల్యాప్‌టాప్ తెరిచి, మనిషిని అడిగినట్టే అందులో అడిగింది: నమ్మిన స్నేహితురాలు మోసం చేస్తే ఏం చేయాలి? ఏవేవో నీతులు వచ్చాయి. డాలు మీద ఎర్ర అంకె ఎప్పటిలాగే పెరిగింది. మూసేసి పడుకుంది.

తర్వాత ముఖేష్ ఎన్నడూ లేనంత మంచిగా ఉన్నాడు. అడగకుండానే చాయ్ తెప్పించాడు. ఒక మధ్యాహ్నం దగ్గరికొచ్చి, కుర్చీ లాక్కుని కూర్చుని, భుజం తట్టినంత మెత్తగా అన్నాడు.

"గా కోదాడ పిల్ల ముచ్చట మనసుల పెట్టుకోకు చెల్లె. దోస్తులని నమ్ముతం, గట్లనే చేస్తరు. నేనున్న గద."

"అవునన్నా," అంది అనూష.

ఆయన బయటికెళ్లాడు. అనూష చేతిలో చాయ్ చల్లారిపోతోంది. కోదాడ పిల్ల? కోదాడకు పోయిన సంగతి ఈయనకు తను చెప్పలేదే! సెలవడిగినప్పుడు కడుపునొప్పి అని చెప్పింది. పూర్ణిమే ఫోన్ చేసి ఉంటుందా? చేసినా, తనను తాను మోసగత్తెనని చెప్పుకుంటుందా?

ఫ్లెక్సీ ప్రింటుకు పంపడానికి ముఖేష్ కంప్యూటర్ ముందుకు వెళ్లింది. నమూనా బోర్డులు ఒకసారి చూద్దామని బ్రౌజర్‌లో 'న' అని కొట్టిందో లేదో, కిందికి జారింది ఒక వాక్యం. నమ్మిన స్నేహితురాలు మోసం చేస్తే ఏం చేయాలి.

మూలన అదే గుండ్రటి ఫోటో, అదే నవ్వు. వేళ్లు వాటంతటవే హిస్టరీ తెరిచాయి. సాగర్ రోడ్డు మడిగెలు, గవ్వల టోకు ధర, కోదాడ బస్సుల వేళలు, అమ్మ మోకాళ్ల నొప్పికి మందు, తనకు నెలసరి తప్పినప్పుడు భయపడి వెతికిన డాక్టరమ్మ. మంచీ చెడూ, సిగ్గూ బిడియం, అన్నీ ఆ దుకాణంలో, ఆ టేబుల్ మీద. నడిబజారులో బట్టలూడదీసి నిలబెట్టినట్టయింది. ఒకే ఐడీతో తెరిచిన రెండు కంప్యూటర్లు ఒకదాని కడుపులో మాట ఇంకొకదానికి చెప్పుకుంటాయని అప్పుడు తెలిసింది ఆమెకు. ఊళ్లో వాళ్లందరినీ ఆపిన డాలు, మూలన కూర్చున్న ఇంటిదొంగను ఎందుకు ఆపుతుంది?

అనూష ఫోన్‌తో ఆ తెరను ఫోటో తీస్తుండగానే ముఖేష్ లోపలికొచ్చాడు. తెర చూశాడు. ముఖం మాడిపోయింది, అయినా ఒక్క క్షణంలో సర్దుకున్నాడు.

"కావాలని చేయలే చెల్లె, ఒట్టు. ఒకనాడు 'మి' అని కొట్టంగనే నీ మిర్యాలగూడ దిగింది. కండ్ల ముందటికొస్తే ఎవడు సూడడు?"

"ఒక్కనాడు సూసినవ్ సరే. తర్వాత రోజూ ఎందుకు సూసినవన్నా?"

"నా కాడ పని నేర్చుకుని, నాకే చెప్పకుండ దుకాణం పెట్టుకునుడా? ఎవరు ఎవర్ని మోసం జేసిన్రు? నేనేమన్న నిన్ను వెళ్లగొడుతున్ననా, మేనేజర్‌ను చేస్తున్న!"

"రాఖీనాడు చెప్దామనుకున్న. రిబ్బన్ నీతోనే కత్తిరిపిద్దామనుకున్న." అనూష కుర్చీ వెనక్కి నెట్టి లేచింది. "మడిగె తీసుకున్నవ్, పోనీ. పేరు తీసుకున్నవ్, గది గూడ పోనీ. నేను కోదాడకు పోయిన్నని, దోస్తే అమ్ముకున్నదనుకుంటున్ననని నీకు ఎర్కనే. ఏడ్సుకుంట ఏం రాసుకున్ననో గది గూడ ఎర్కనే. 'అది చెప్పలే' అని ఒక్క మాట అనకపోతివి. చాయ్ తెప్పించినవ్!"

ముఖేష్ చల్లారిన చాయ్ గ్లాసు తీసి పక్కకు పెట్టాడు.

అనూష సంచిలోంచి తన ల్యాప్‌టాప్ తీసింది. ఆయన కళ్లముందే ఆ గుండ్రటి ఫోటో మీద నొక్కి ఐడీ తీసేసింది. పాస్‌వర్డుల డబ్బా పోయింది, నల్ల తెర పోయింది, ఎర్ర అంకె డాలు కూడా పోయింది. బ్రౌజర్ బోడిగా మిగిలింది. బోర్డు డిజైన్ ఉన్న ఫైలు మాత్రం ఆయన కంప్యూటర్‌లోనే వదిలేసింది. దాన్ని మళ్లీ చూడబుద్ధి కాలేదు.

కోదాడలో దిగేసరికి గిరాకీ పలచబడింది. పూర్ణిమ గాజుల పెట్టెలు సర్దుతోంది. అనూష గుమ్మంలోనే నిలబడి, ఊపిరి తీసుకోకుండా అంతా చెప్పింది. ఐడీ, హిస్టరీ, చాయ్, అన్నీ. ల్యాప్‌టాప్ కౌంటర్ మీద పెట్టి తెరిచింది.

"సూడే, ఇందుల నేను వెతికినయన్నీ ఉన్నయ్, గివే ఆయన కంప్యూటర్‌ల ఉన్నట్టు ఫోన్‌ల ఫోటో గూడ తీసిన. నువ్వు చెప్పలేదని సాక్ష్యమున్నది. నీకు సూపిద్దామనే వచ్చిన."

పూర్ణిమ తెరవైపు చూడలేదు. మెల్లగా మూత వేసి, ల్యాప్‌టాప్‌ను అనూష వైపు జరిపింది.

"నాకు చూపించక్కర్లేదే. నేను చెప్పలేదని నాకు ముందే తెలుసు," అంది.