మొద్దుకో అద్దె ఇల్లు

భర్త నల్ల ప్యాంటుకి అతుక్కున్న కుక్క వెంట్రుకల్ని ఆమె ఏరుతోంది. తడిచేత్తో పైనుంచి కిందకి ఒకసారి రాస్తే సగం వచ్చేస్తాయి, మిగతా సగం గోటితో తియ్యాల్సిందే. తొమ్మిదేళ్ళుగా రోజూ పొద్దున ఇదో పని, ఇస్త్రీ అయ్యాక, డబ్బాలు సర్దకముందు. ఆ ప్యాంటు కోసమే తువ్వాలు చుట్టుకుని నిలబడ్డ భర్త అద్దంలో మీసం చూసుకుంటూ, "కుక్కేగా, ఎవరికో ఒకరికి ఇచ్చేద్దాం. ఈ గొడవంతా వదిలిపోతుంది" అన్నాడు.

గొడవ ఏమిటంటే, వాళ్ళు అద్దెకుంటున్న ఇల్లు చేతులు మారింది. కొన్నవాళ్ళు తామే దిగుతామన్నారు, నెలాఖరుకి ఖాళీ చెయ్యమన్నారు. భర్త తన ఆఫీసుకి దగ్గర్లో ఒక ఫ్లాటు చూసొచ్చాడు. లిఫ్టుంది, నీళ్ళకి ఇబ్బంది లేదు. ఒక్కటే షరతు, కుక్కల్నీ పిల్లుల్నీ పెంచకూడదు. ఆ షరతు చెప్పేటప్పుడు అతని గొంతులో దిగులేమీ వినిపించలేదు.

"మనుషులకే ఇళ్ళు దొరక్క చస్తుంటే, కుక్కక్కూడా ఇల్లు వెతకాలా?" అంది అత్తగారు మంచం మీంచి.

గుమ్మానికి అడ్డంగా పడుకున్న మొద్దు ఒక కన్ను తెరిచి చూసి, మళ్ళీ మూసుకుంది.

మొద్దుని తెచ్చింది భర్తే. ఆఫీసులో ఎవరింట్లోనో కుక్క పిల్లలు పెడితే ఒకదాన్ని చొక్కాలో వేసుకుని వచ్చాడు. నోరు తిరగని పేరు కూడా ఒకటి పెట్టాడు. రెండు వారాలు ఫొటోలు తీశాడు, వచ్చినవాళ్ళకల్లా చూపించి మురిసిపోయాడు. మూడో వారంలో అది అతని కొత్త చెప్పు కొరికింది. ఆ రోజునుంచి అది 'నీ కుక్క' అయిపోయింది, పేరు కూడా మొద్దుగా మారింది. దానికి అన్నం కలపడం, స్నానం చేయించడం, వానాకాలంలో పాదాలు తుడవడం, డాక్టరు దగ్గరికి మోసుకెళ్ళడం, చెవి నొప్పికి చుక్కలు వెయ్యడం, ఇప్పుడు ముసలితనం వచ్చి కీళ్ళు పట్టేస్తుంటే మాత్ర పొడి చేసి పెట్టడం, అన్నీ ఆమె పనుల్లో చేరిపోయాయి. ఇంట్లో ఏ పనైనా అంతే, మొదట ఎవరో సరదాపడతారు, తర్వాత అది ఆమెది అవుతుంది.

ఇంత చాకిరీ చేయించుకున్నందుకు ఆమెకి మొద్దు మీద విసుగు రావాలి. రాదు. కృతజ్ఞతే వస్తుంది. చెబితే నవ్వుతారని ఎవరికీ చెప్పలేదు గానీ, మొద్దు రాకముందు, తన ఆఫీసుకి తప్ప, ఈ ఇంటి గడప దాటాలంటే ఆమెకి ఒక కారణం కావలసొచ్చేది. ఎక్కడికి? ఇప్పుడెందుకు? ఎంతసేపట్లో వస్తావ్? ఎలాగూ వెళ్తున్నావుగా, వచ్చేటప్పుడు అది పట్టుకురా. ఊరికే నడవాలనుందని ఒకసారి అంటే, అత్తగారు ఆమె నుదురు పట్టుకుని చూసింది, జ్వరమేమోనని. మొద్దు వచ్చాక 'కుక్కని తిప్పుకొస్తాను' అన్న ఒక్క మాట సరిపోయింది. పొద్దున ముప్పావుగంట, సాయంత్రం ముప్పావుగంట. రోజు మొత్తంలో ఎవరికీ ఏదీ అందించక్కర్లేని సమయం అదొక్కటే. ఆ నడకలోనే డిపార్టుమెంటు పరీక్షకి రూల్సన్నీ మొద్దుకి అప్పజెప్పి పాసయింది. అమ్మ పోయినప్పుడు పలకరించడానికి వచ్చినవాళ్ళకి కాఫీలు కలపడంతోనే సరిపోయి, ఇంట్లో ఏడవడానికి తీరిక దొరకలేదు. వీధి చివర మూసేసిన కొట్టు అరుగు మీద కూర్చుని ఏడ్చింది. మొద్దు గొలుసు లాగలేదు, మొరగలేదు, ఆమె కాలి మీద గడ్డం ఆనించి కూర్చుంది. ఆ మేలు మర్చిపోతే తను మనిషే కాదనుకుంటుంది ఆమె.

"పది రోజులు నాకివ్వండి. నేను వెతుకుతాను" అంది ప్యాంటు అందిస్తూ.

"నువ్వా?" భర్త నవ్వాడు. కోపంగా నవ్వినా బాగుండేది, చిన్నపిల్ల ముద్దుమాటలు విన్నట్టు నవ్వాడు. "ఇల్లు వెతకడమంటే కూరగాయలు ఏరడమనుకున్నావా? సరే, పది రోజులు. ఆ తర్వాత నోరెత్తకూడదు."

మొదటి మూడు రోజులకే తల ప్రాణం తోకకొచ్చింది. ఫోనులో అంతా బాగానే మాట్లాడేవాళ్ళు, కుక్క అనగానే గొంతు మార్చేవాళ్ళు. ఒకాయన కుక్క ఉండొచ్చు గానీ మొరగకూడదన్నాడు. ఒకావిడ, "మీ ఆయన నంబరివ్వమ్మా, ఇలాంటివి మగవాళ్ళతో మాట్లాడితేనే తెమిలేది" అంది. ఇంకో ఇంట్లో వంటగది చూపించి, "మీరు చూడాల్సింది ఇదే కదా, మిగతావి సారొచ్చాక చూపిస్తాం" అన్నారు. ఆ సారుకి వంటగది ఎటువైపుందో కూడా తెలియదని చెప్పాలనిపించింది, చెప్పకుండా వచ్చేసింది.

ఆమె కరెంటు ఆఫీసులో బిల్లుల సెక్షన్లో గుమాస్తా. మీటరు రీడింగు తీసేవాళ్ళు వీధులన్నీ తిరిగి తెచ్చిన కాగితాల్ని కంప్యూటర్లోకి ఎక్కించడం ఆమె పని. అంకెల పక్కన రిమార్కులు రాసే గడి ఒకటుంటుంది. ఇంటికి తాళం. మీటరుకి అడ్డంగా బీరువా పెట్టారు. కుక్క ఉంది, జాగ్రత్త. ఏళ్ళ తరబడి టైపు చేసీ చేసీ ఆ గడిలో ఏముందో చూడటమే మానేసింది. నాలుగో రోజు మధ్యాహ్నం 'కుక్క ఉంది' అని కొడుతూ కొడుతూ ఆమె వేళ్ళు ఆగిపోయాయి. ఊళ్ళో కుక్కలున్న ఇళ్ళెక్కడో కాళ్ళరిగేలా వెతుకుతోంది, ఆ ఇళ్ళన్నీ రోజూ ఆమె చేతి కిందనుంచే పోతున్నాయి!

అన్నిటికంటే ఎక్కువసార్లు కుక్క కనబడ్డ వీధి పేరు అరచేతిలో రాసుకుని, ఆ సాయంత్రం మొద్దుని తీసుకుని బయల్దేరింది. మూడు సాయంత్రాలు ఆ వీధికే పోయాయి. నిలువెత్తు గేట్లు, లోపల పులుల్లాంటి కుక్కలు. టు-లెట్ బోర్డున్న ప్రతి ఇంట్లోనూ ఒకటే మాట, "మా కుక్కకి ఇంకో కుక్క పొడగిట్టదండీ." చివరి ఇంట్లో మనిషి బయటికి కూడా రాలేదు, కుక్కే వచ్చి సమాధానం చెప్పింది. మొద్దు కుంటుకుంటూ తిరిగొచ్చింది. సగం దూరం ఆమె దాన్ని ఎత్తుకుంది.

మర్నాడు ఆఫీసులో ఈ గోడంతా విన్న రీడింగక్క కడుపుబ్బ నవ్వింది. రీడింగు తీసేవాళ్ళలో ఆవిడ ఒక్కతే ఆడమనిషి, ఇరవై ఏళ్ళుగా వీధులు తిరుగుతోంది.

"నన్నడగాలిగా పిచ్చిదానా! రెండుసార్లు కరిపించుకున్నాను, నాకంటే ఎవరికి తెలుస్తుంది? నువ్వు వెళ్ళిన వీధిలో అన్నీ ఓనర్ల కుక్కలు. ఒక గేటుకి ఒకటే మీటరుంటే ఆ కుక్క ఓనరుది, అక్కడ నీకు మంచినీళ్ళు కూడా పుట్టవు. గేటొకటై మీటర్లు రెండున్నాయనుకో, పై వాటా మీటరు దగ్గర కుక్క ఉందని రాశాననుకో, ఆ కుక్క అద్దెకున్నవాళ్ళది. అంటే ఓనరు సరేనన్నట్టేగా. నువ్వు చూసుకోవాల్సింది పై మీటర్లు."

ఇంత చిన్న సంగతి తనకెందుకు తట్టలేదో అనుకుంది ఆమె. కాగితాల మీద చూసేదానికీ కాళ్ళతో చూసేదానికీ అంత తేడా. ఆ మధ్యాహ్నం రీడింగక్క తన టీ చల్లారిపోతున్నా పట్టించుకోకుండా పక్కన కూర్చుని, పాత కాగితాల్లో వేలు పెట్టి చూపించింది. బస్సు డిపో వెనక ఒక సందు. పై మీటరు, కుక్క. పై మీటరు, కుక్క, కుంటిది, ఏమీ అనదు. ఒకచోట, మీటరు పెట్టెలో పిల్లి ఈనింది, రీడింగు వచ్చే నెల. ఆ చివరి రిమార్కు చదివి ఇద్దరూ నవ్వారు. పిల్లి కోసం ఒక నెల బిల్లు ఆగితే ఊరుకున్న ఇంటివాళ్ళున్నారంటే, ఆ సందులో మనుషులున్నట్టే.

నిజంగానే ఉన్నారు. ఆ సాయంత్రం మొద్దుతో సందులో అడుగు పెట్టగానే ఎవరూ ముఖం చిట్లించలేదు. సైకిళ్ళు బాగుచేసే అతను మొద్దు నడక చూసి, "కీళ్ళనొప్పులా? మాదానికీ అంతే, మెత్తటి గుడ్డ వెయ్యండి పడుకోవడానికి" అన్నాడు. గోడల పక్కన అక్కడక్కడా నీళ్ళ గిన్నెలున్నాయి. సందు మధ్యలో మేడ మీద వాటా ఖాళీగా ఉందని అతనే చూపించాడు. ఇంటావిడ ఆసుపత్రిలో నర్సుగా చేసి రిటైరయింది. ఆమెని కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చింది, మొద్దుక్కూడా వేరే గిన్నెలో ఇచ్చింది. మొద్దుని చూస్తూ ఒక మనిషి తలుపు ఇంకాస్త తెరవడం ఈ వారంలో అదే మొదలు. ఆమె కళ్ళు చెమర్చాయి.

"శనివారం అందరూ రండమ్మా. చూసుకుని, నచ్చితే కాగితం రాసేసుకుందాం" అంది నర్సమ్మ.

భర్త రానన్నాడు, తర్వాత తిరస్కరించడానికైనా చూడాలిగా అని వచ్చాడు. గేటు దగ్గర ఆగి, "గొలుసు ఇటివ్వు" అన్నాడు. "ఓనర్లకి మగవాళ్ళు ముందుంటేనే గురి కుదిరేది." ఆమె ఇచ్చింది. ఇన్నేళ్ళలో అతను గొలుసు పట్టుకోవడం అదే మొదటిసారి. మొద్దు అతని ముఖంలోకి చూసి, గేటు మధ్యలో చతికిలబడింది. లాగాడు, కసిరాడు, అది అంగుళం కదల్లేదు. పై మెట్టు మీద కుర్చీ వేసుకుని నర్సమ్మ ఇదంతా చూస్తూనే ఉంది. చివరికి గొలుసు తిరిగి ఆమె చేతికొస్తే గానీ మొద్దు లేవలేదు, అప్పుడు అత్తగారితో సహా అందరూ మేడెక్కారు.

"ఎన్నేళ్ళుంటాయి దీనికి?" అడిగింది నర్సమ్మ, మాటల మధ్యలో అన్నట్టు.

"ఓ నాలుగైదుంటాయండీ" అన్నాడు భర్త. "మా అందరికీ ప్రాణమండీ ఇదంటే."

"నొప్పులకి ఏం వాడుతున్నారు?"

భర్త ఆమె వైపు చూశాడు. ఆమె మందు పేరు చెప్పబోయి ఆగింది. అతని తరపున జవాబులు అందించి అందించి ఆమె నోటికది అలవాటైపోయింది. ఈసారి మాత్రం ఊరుకుంది.

"అన్నీ మా కోడలే చూస్తుందమ్మా" అంది అత్తగారు. అందరూ అటు తిరిగారు. ఆవిడ మెట్లెక్కిన ఆయాసం ఇంకా తీరక గోడకి చెయ్యానించి నిలబడి ఉంది. "మావాడు తెచ్చాడు, అంతే. కడిగేది, తినిపించేది, తిప్పేది అంతా ఈ పిల్లే. తొమ్మిదేళ్ళనుంచీ చూస్తున్నాగా."

చూస్తున్నాగా! మంచం మీంచి ఏదో ఒకటి అనడమే తప్ప ఆవిడ ఇదంతా చూస్తోందని ఆమె ఎన్నడూ అనుకోలేదు. అత్తగారి చెయ్యి పట్టుకుని కుర్చీలో కూర్చోబెట్టింది.

నర్సమ్మ అద్దె కాగితం, కలం తెచ్చి ఆమె ముందు పెట్టింది.

"ఇటివ్వండి, నేను సంతకం చేస్తాను" అన్నాడు భర్త చెయ్యి చాపి. మేడ గాలి అతనికీ నచ్చినట్టే ఉంది.

"కాదు బాబూ. మా సందులో అగ్రిమెంటు గొలుసు పట్టుకునే మనిషి పేరు మీదే రాస్తాం. అందరి ఇళ్ళలోనూ అంతే."

"ఇదెక్కడి రూలండీ?"

"మేం పెట్టుకున్నదే. ఇదివరకు ఎదురింట్లో ఒకతను, పెళ్ళాం డ్యూటీకి వెళ్ళినప్పుడు ఆమె పెంచుకుంటున్న కుక్కని తీసుకెళ్ళి ఎక్కడో వదిలేసొచ్చాడు. అదేమంటే, ఇల్లు నా పేరు మీదుంది, నా ఇష్టం అన్నాడు. ఆ పిల్ల వారం రోజులు ఊరంతా తిరిగింది, దొరకలేదు. అప్పట్నుంచీ ఇంతే."

"ఇంటికి పెద్దని నేనుండగా..."

"ఇంటికి మీరే పెద్ద, కాదన్నదెవరు? మాకు కావలసింది కుక్కకి పెద్ద."

అత్తగారు ఫక్కున నవ్వి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. భర్త ముఖం కందగడ్డయింది. "నా మాట తీసెయ్యడానికా నన్నిక్కడికి రప్పించింది?" అన్నాడు ఆమెతో. "ఆ ఫ్లాటువాళ్ళు సాయంత్రం దాకే ఆగుతారు. నీకు సంసారం కావాలో కుక్క కావాలో తేల్చుకో. నేను కింద ఉంటాను." చెప్పులు టకటకలాడించుకుంటూ దిగిపోయాడు.

ఇన్నేళ్ళూ ఈ మాటకి ఆమె గుండె ఝల్లుమనేది. ఇవాళ అలా అవలేదని గమనించి తనే ఆశ్చర్యపోయింది. కింద అతను ఎవరికో గట్టిగా ఫోను చేస్తున్నాడు. అతని మీద కూడా కోపం రాలేదు, చొక్కాలో వేసుకుని ఆ కుక్కపిల్లని తెచ్చింది అతనేగా, ఎందుకు తెచ్చినా సరే. రీడింగక్కని తలుచుకుంది, చల్లారిపోయిన టీతో సహా. వీళ్ళందరూ తలా ఒక చెయ్యి వేసి తనని ఈ మెట్లెక్కించారనిపించింది. కాగితం చూసింది. బడి, ఆఫీసు, బ్యాంకు, రేషను, ఇప్పటిదాకా నింపిన ప్రతి కాగితంలోనూ ఆమె ముందు ఫలానావారి కూతురు, తర్వాత ఫలానావారి భార్య. ఇందులో అద్దెకుండేవారు అన్నచోట ఒకే ఒక్క గీత ఉంది. ఆమె తన పేరు రాసింది. అక్షరాలు గుండ్రంగా, చక్కగా వచ్చాయి. నర్సమ్మ కళ్ళజోడు సర్దుకుని కింది వరస మీద వేలు పెట్టింది.

"నీతోపాటు ఉండేదెవరెవరో ఇక్కడ రాయాలమ్మా. ఎంతమందని వెయ్యను?"

ఆమె కలం మూత పెట్టి, మొద్దు వీపు నిమిరింది.

"మొద్దు ఖాయమండీ. మిగతావాళ్ళని అడిగి చెప్తాను."