చీకటికి చెల్లెలట

పొద్దున్నే తల్లి ముందుగా కూతురి బల్ల కింద ఊడ్చేది. రాత్రి రాసిన వాటిలో నిలబడని మాటలు సిరా ఆరగానే కాగితం మీంచి జారి, ఆవగింజల్లా నేలంతా పడి ఉండేవి.

"నిన్న చేటెడు రాల్చావే. ఇంత రాసే బదులు కాస్త పడుకోరాదూ?"

పడుకుంటే ఎలా? కూతురి పరిశోధన జనం మరిచిపోయిన ఒక దేవత మీద. అలసినవాళ్ళ ఇళ్ళలో దీపాలార్పి వెళ్ళే దేవత. గ్రంథాల్లో ఆమె పేరు ఒక్కచోట కనిపిస్తుంది, అంతే. మిగతాదంతా ఆస్పత్రిలో ఒక ముసలి ఆయా చెప్పింది. గడువు ఇప్పటికే పెంచారు. రేపు ఇవ్వకపోతే సీటు పోతుంది, ఇన్నేళ్ళ చదువూ బూడిదలో పోసినట్టే.

ఆ రాత్రి కళ్ళలో ఇసుక పోసినట్టుంది. బల్లకి ఆ చివర తల్లి దర్జీ కొట్టువాళ్ళ చొక్కాలకి గుండీలు కుడుతోంది. "ఈమెకు ఏడు గుళ్ళుండేవి" అని రాసింది కూతురు. సొంతంగా అల్లిన మాట. రాలిపోయింది. అలసట అబద్ధానికి సాకు కాదని ఆమెకూ తెలుసు. సిగ్గుపడి, ఆయా చెప్పిందే రాసింది: "ఈమె చీకటికి చెల్లెలు." అదీ రాలింది.

"ఇది విన్నదే కదమ్మా! ఇదెందుకు రాలాలి?"

"నాకేం తెలుసే?" తల్లి దారం పంటితో కొరికింది. "అన్నట్టు, మూలింటివాళ్ళు ఖాళీ చేస్తున్నారట."

"నువ్వు చూశావా?"

"చూస్తే 'ట' ఎందుకంటాను? పాలవాడు చెప్పాడు."

కూతురు ఆ 'ట'ని నోట్లోనే ఒకసారి అనుకుని చూసింది. తర్వాత రాసింది: "ఈమె చీకటికి చెల్లెలట." సిరా ఆరింది. అక్షరం కదల్లేదు. ఆశ పుట్టి "ఏడు గుళ్ళుండేవట" అనీ రాసి చూసింది. ఎవరూ అనని మాట. 'ట'తో సహా రాలింది. మళ్ళీ ఆ జోలికి పోలేదు. తెల్లారేదాకా విన్నది విన్నట్టే, ఎవరి నోట విన్నదో చెప్పి మరీ రాసింది.

మర్నాడు గైడు పేజీలు తిప్పి మొహం చిట్లించాడు. "ఏంటమ్మాయ్, అంతా ట, ట, ట! ఇది పరిశోధనా, కుళాయి దగ్గర కబుర్లా?"

"నేను చూడలేదు సార్. విన్నాను."

"మేమంతా చూసే రాశామా ఏంటి?" అంటూ ఎర్రకలంతో మొదటి 'ట' కొట్టేశాడు.

వాక్యం మొత్తం జారి ఆయన ఒళ్ళో పడింది. ఇన్నేళ్ళ ఉద్యోగంలో ఇలాంటివి ఎన్నో దులిపేసుకుని లేచిన మనిషి. ఈసారి మాత్రం దులపలేదు. కళ్ళజోడు సర్దుకుని, ఒక్కో అక్షరం ఏరి కాగితం మీద పేర్చి, చివర తన చేత్తోనే 'ట' రాశాడు. అన్నీ అతుక్కున్నాయి. చివరి పేజీ తిప్పి సంతకం పెట్టాడు.

సాయంత్రం తల్లి చేతిలో చొక్కా పక్కన పడేసి, ఆ సంతకం మీద వేలు పెట్టి చూసింది. గుమ్మంలోకి వెళ్ళి పక్కింటావిడని కేకేసింది.

"వదినా! మా అమ్మాయి గట్టెక్కింది!"

'ట' అనలేదు.