బొగ్గు మీద వేపమొద్దు

పొద్దున్నే పొయ్యి వెలిగించే ముందు అండాలు కట్టెలు ఏరుకోవడం చూస్తే అంగట్లో కూరగాయలు ఏరుతున్నట్టే ఉంటుంది. చింతకట్టె సెగ మంచిదే గానీ దానికి లొల్లి ఎక్కువ. తన నీడన కూర్చున్న అమ్మలక్కల చాడీలన్నీ వంటయ్యేదాకా చెబుతూనే ఉంటుంది. సర్కారు తుమ్మకు నోరు మంచిది కాదు. పెద్దరోడ్డు పక్కన లారీ డ్రైవర్ల తిట్లు వింటూ పెరిగింది మరి. చుట్టాలొచ్చిన రోజు అండాలు దాన్ని ముట్టనే ముట్టదు. చౌటుప్పల్ దాటాక వచ్చే ఆ ఊళ్ళో, కట్టె కాలేటప్పుడు చెట్టు విన్న మాటలు బయటికి రావడం ఎవరికీ వింత కాదు. అందుకే పాతకాలం వాళ్ళు చెట్టు కింద గుట్టు మాటలు ఆడరు. గ్యాసు బండలు వచ్చాక పిల్లలు ఆ జాగ్రత్త మరిచారు.

సన్నకట్టెలు గబగబా కాలి మాట మధ్యలోనే బూడిదైపోతాయి. పూర్తిగా వినాలంటే అడుగున బొగ్గు పరచాలి. రాక్షసిబొగ్గు ఒకసారి రాజుకుందంటే పూటంతా సెగ నిలుస్తుంది, పైన మొద్దు నిదానంగా కాలుతూ ఉన్నదంతా చెప్పేస్తుంది. బొగ్గు మాత్రం మాట్లాడదు. అదీ ఒకప్పుడు చెట్టేనట, భూమిలో పడి పడి మాట మరిచిందట. అండాలు ఇంటికి బొగ్గు తెచ్చేది కొడుకు గిరి. ఊరి పక్క మందుల కంపెనీలో, బాయిలర్ దగ్గర పర్మినెంట్ నౌకరీ అతనిది. జల్లెడ పట్టగా మిగిలిన ముక్కలు వారానికో సంచి తెస్తాడు.

ఆ రోజు పెత్రమాస, చనిపోయిన పెద్దల పేరు చెప్పి బియ్యం ఇచ్చే రోజు. అండాలు అత్తకూ మామకూ ఇస్తుంది, మొగుడు జానయ్య పోయి మూడేళ్ళైనా అతనికి మాత్రం ఇవ్వదు. జానయ్య గొర్లమ్ముకుని కంపెనీలో కూలికి చేరిన ఏడు, మల్లన్న బండారి ముట్టి, ఇక చుక్క తాగనని ఒట్టేశాడు. ఆరేళ్ళు ఆ ఒట్టు మీదే నిలిచాడు. ఏడో ఏడు, తాగొచ్చి మురికినీళ్ళ తొట్టిలో పడి చచ్చాడని కంపెనీ వాళ్ళు శవాన్ని ఇంటి ముందు దింపిపోయారు. అంగీకి కొట్టిన సారా వాసన అండాలు స్వయంగా చూసింది. మొగుడు పోయినందుకు ఏడ్చిన దానికన్నా, దేవుడి పసుపు ముట్టి మాట తప్పినందుకే ఎక్కువ ఏడ్చింది.

"ఈయేడన్న మా తమ్మునికి ఇన్ని బియ్యమియ్యరాదే అండాలూ," అంది ఆడబిడ్డ బిక్షమ్మ, గడపలో కూర్చుని చిక్కుడుకాయ ఈనెలు తీస్తూ.

"ఒట్టు తప్పినోనికి నా చేతితోని ఇయ్య వదినె."

"నా తమ్ముడు తాగలే. నేను అప్పుడు గదే అన్న, ఇప్పుడు గదే అంట."

"అంగీ వాసన నువ్వు సూసినవా? నేను సూసిన."

ఏటా పెత్రమాసకు ఇద్దరికీ ఇదే గొడవ. మాటలాడుతూనే అండాలు పొయ్యిలో వేపకట్టెలు పెట్టింది. వేప ఒద్దికైన చెట్టు, పండుగపూట పాడుమాటలు మాట్లాడదు. ఎండాకాలంలో కంపెనీ గేటు పక్క, తొట్టికి నాలుగడుగుల్లో ఉన్న వేపచెట్టును కొత్త గోడ కోసం కొట్టేస్తే, ఆడవాళ్ళంతా వెళ్ళి తలా ఒక మోపు తెచ్చుకున్నారు. అండాలు తన మోపును ఖాళీ గొర్లదొడ్డిలో దాచిపెట్టింది. చెట్టంతా లారీలో పోయిందనే గిరి అనుకున్నాడు.

సన్నకొమ్మలు చిటపటమని అంటుకున్నాయి.

"కమలాకర్ సారూ, తొట్టిల వాసనకు కండ్లు మండుతున్నయ్," అంది కట్టె. అది జానయ్య గొంతు. "మూతికి కట్టుకునేదేదన్న ఇస్తే..."

కొమ్మ విరిగి బూడిదైంది.

బిక్షమ్మ చేతిలో చిక్కుడుకాయలు జారిపోయాయి. "తాగినోని మాట గట్లుంటదా?" అంది మెల్లగా.

అండాలు లేచింది. దొడ్డిలోకి పోయి చేతికందిన వేపమొద్దు తెచ్చింది. సంచి బోర్లించి పొయ్యి నిండా బొగ్గు పోసింది. స్నానం చేసి తుండుతో తల తుడుచుకుంటూ వచ్చిన గిరి, పొయ్యి పక్కన మొద్దును చూసి ఆగిపోయాడు.

"ఏడిదమ్మా గా కట్టె?"

"మీ కంపెనీ గేటు కాడిది."

"ఇయ్యాల గ్యాసు మీద వండరాదు."

"పెద్దల పండుగకు గ్యాసు మీద వండుతరారా?"

"బొగ్గన్న తియ్యి. ఇల్లంత పొగైతది."

"మూడేండ్ల సంది నువ్వు తెచ్చిన బొగ్గే గద బిడ్డా."

బొగ్గు రాజుకుంది. అండాలు మొద్దును పైన పెట్టింది. గిరి చెయ్యి చాచాడు గానీ, మేనత్త తననే చూస్తుంటే ఆ చెయ్యి ముందుకు పోలేదు. గోడకు ఆనుకుని కూలబడ్డాడు.

మొద్దు తొందరపడకుండా చెప్పింది. మూతికి గుడ్డ అడిగిన జానయ్యను, ఐదు నిమిషాల పనికి గుడ్డెందుకన్నాడు సూపర్‌వైజర్ కమలాకర్. జానయ్య తొట్టిలోకి దిగిన చప్పుడు. తర్వాత, లోపల పడిపోయాడని ఉరుకులు, కేకలు. మళ్ళీ కమలాకరే. "చూడు గిరీ, పోయినోడు పోయిండు. తాగొచ్చిండని రాయిద్దాం. నీ నౌకరీ పర్మినెంట్ చేయించే పూచీ నాది. గా సారా సీసా తే."

ఆ తర్వాత గిరి గొంతు. మూడేళ్ళ కిందటిది, ఇంకా కొంచెం లేతగా ఉంది.

"నోట్ల పొయ్యకుండ్రి సార్. అంగీ మీద పొయ్యుండ్రి, సాలు."

ఎసరు పొంగి బొగ్గు మీద చుయ్యిమంది. ఎవరూ మూత తీయలేదు.

"నేను నోట్ల పొయ్యనియ్యలేదమ్మా," అన్నాడు గిరి. "బాపు ఒట్టు తప్పనియ్యలే. నౌకరీ లేకుంటె మనమెట్ల బతుకుతుంటిమి?"

అండాలు పొయ్యి మీది కుండ దించి పక్కన పెట్టింది. మూడేళ్ళు తిన్న ప్రతి ముద్దా ఆ అంగీ వాసనే వేసింది. అరిచి తిట్టే ఓపిక ఆమెకు లేదు. ఉన్న తిట్లన్నీ మూడేళ్ళుగా తిట్టకూడని మనిషిని తిట్టి ఖర్చు చేసుకుంది. గోడ మీది పటం దించి, కొంగుతో మసి తుడిచి, జానయ్య నొసట బండారి పెట్టింది. పెట్టిన చెయ్యి చాలాసేపు తీయలేకపోయింది.

"గంప వట్టు," అంది గిరితో. "బియ్యమిచ్చొద్దాం."

గిరి ప్రాణం లేచొచ్చింది. కోపం ఇంతటితో పోయిందనుకున్నాడు. బియ్యం, కూరగాయలు, చింతపండు ఉన్న గంప నెత్తిన పెట్టుకుని తల్లి, మేనత్తల వెనకే నడిచాడు.

మల్లన్న గుడి అరుగు మీద, పెద్దల పేరున బియ్యం పట్టే జంగమయ్య కూర్చున్నాడు. పండుగలకే పక్క ఊరి నుంచి వస్తాడు, ఇక్కడి పిల్లలెవరో ఆయనకు తెలియదు. అత్తవి, మామవి విస్తళ్ళు అయ్యాయి. అండాలు మూడోది పెట్టింది.

"పేరు చెప్పమ్మా."

"జానయ్య. నా పెనిమిటి."

బిక్షమ్మ వెక్కి వెక్కి ఏడ్చింది. జంగమయ్య నీళ్ళు విడిచి, నీళ్ళ గిన్నె పక్కన పెట్టబోయాడు.

"ఆగు అయ్యా," అని అండాలు గంపలో మిగిలిన బియ్యమంతా నాలుగో విస్తట్లో పోసింది.

"ఇదెవరి పేరు మీద?"

"గిరి."

"ఏమైతడు?"

"కొడుకు."

"అయ్యో, చిన్నపానం. ఎన్నడు పోయిండమ్మా?"

"మూడేండ్లాయె," అంది అండాలు. "తండ్రి, కొడుకు ఒక్క దినమే పోయిండ్రు."

జంగమయ్య ఆ పేరు పలికి, బియ్యం మీద నీళ్ళు విడిచాడు. ఖాళీ గంప పట్టుకుని గిరి వెనకే నిలబడి ఉన్నాడు.