గిర్ని ఇంటి దగ్గు

గిర్ని పెట్టిన నాడు శోభారాణికి ఉన్నవి ఒక కారం మర, మిరపకాయను వేళ్లతో తుంచి రకం చెప్పగల నేర్పు, నాలుగేళ్ల కూతురు హారిక. భర్త అప్పటికే పోయాడు. పన్నెండేళ్లలో ఒక మర రెండైంది. కాశిబుగ్గలో పెళ్లి పెట్టుకున్న ఇల్లేదైనా కారం ఆమె దగ్గరే పట్టించేది. పరకాల నుంచి కూడా సంచులొచ్చేవి. కూతురు మాత్రం ఎదురు దుకాణానికి తరలిపోతోందని ఈ చలికాలంలోనే ఆమెకు తెలిసింది.

ఎదురుగా ఉన్నది రాహేలు కుట్టుమిషన్ దుకాణం. ఇంటర్ మొదటి సంవత్సరం చదివే హారిక కాలేజీ బస్సు దిగి, గిర్ని వైపు తల తిప్పకుండా అటే నడిచేది. చీకటిపడేదాకా అక్కడే. నవ్వులు రోడ్డు దాటి వినిపించేవి. ఇంట్లో ఆ పిల్ల నోట "ఊఁ" తప్ప మాట ఉండదు.

"మీ బిడ్డ ఆడికే దత్తత పోయినట్టున్నదక్కా," అంది గిర్నిలో తొడిమలు తీసే సమ్మమ్మ.

"నువ్వు తొడిమెలు చూడు."

గిరాకీ పక్క దుకాణానికి మళ్లితే ఏం చేయాలో శోభారాణికి తెలుసు. కూతురికి కొత్త ఫోన్ కొనిచ్చింది. హన్మకొండ తీసుకెళ్లి బిర్యానీ తినిపించింది. పిల్ల తిన్నది, "థాంక్స్ మా" అన్నది, మర్నాడు మళ్లీ రాహేలు దగ్గరికే పోయింది. శోభారాణి ఇక ఊరుకోలేదు. తన జాకెట్ ముక్కలు వేరే దర్జీకి ఇవ్వడానికి పోతూ, ఆ కవరు రాహేలుకు కనబడేలా ఊపుకుంటూ నడిచింది.

"ఆయన చంకల కాడ బిగిస్తడు వదినె, జర చెప్పి కుట్టించుకో," అంది రాహేలు.

ఆ మంచితనం శోభారాణికి కారం కన్నా ఎక్కువ మండింది.

గిర్ని ఇంట్లో దగ్గును ఎవరూ పట్టించుకోరు. మర తిరిగినంతసేపూ అందరూ దగ్గుతారు. దసరా నుంచి హారిక దగ్గుతూనే ఉంది. తల్లి బెల్లం ముక్క చేతిలో పెట్టి పనిలో పడేది.

ఒక శనివారం హారిక ట్యూషన్‌కు పోయిన వేళ శోభారాణి రోడ్డు దాటింది.

"నీకు పిల్లల్లేరని నా బిడ్డను గుంజుకుంటవా, రాహేలు?"

మిషన్ ఆగింది. "కూసో వదినె."

"కూసోను. ఏం మందు పెట్టినవ్ దానికి?"

రాహేలు సొరుగు తాళం తీసి, గుండీల డబ్బా కింది నుంచి గులాబీ రంగు వస్తువొకటి తీసింది. లావుపాటి స్కెచ్ పెన్నులా ఉంది.

"దీన్ని వేప్ అంటరు. పొగ పీల్చేది. డిసెంబర్ల నీ బిడ్డ డ్రెస్సు కొలతకొచ్చింది. చున్నీల మామిడిపండు వాసన. గీ చలిల మామిడిపండు యాడిదే అన్న. ఏడ్చింది. ట్యూషన్ల ఓ పెద్దపిల్ల ఇచ్చిందట, ఉత్త ఫ్లేవరేనని. అప్పటికే అది లేకుంటే చదువు మీద మనసు నిలుస్తలేదట."

శోభారాణి దాన్ని ముక్కు దగ్గర పెట్టుకుంది. ఏ వాసనా తగల్లేదు. పన్నెండేళ్ల కారం ఘాటు ఆ ముక్కును ఎప్పుడో తినేసింది.

"నాకెందుకు చెప్పలే?"

"చెప్పమని రోజూ అంటనే ఉన్న. ఎవరిచ్చిన్రు, ఎన్నిసార్లని అమ్మ లెక్కలడుగుతది అత్తా, అంటది. సాయంత్రం ఆ బుద్ధి పుట్టే టైముకు ఈడికొచ్చి గుండీలు కుడతది. మానేస్తనని దీన్ని నా చేతిల పెట్టి ముప్పై నాలుగు రోజులైంది. నడుమ ఒక్కసారి తప్పింది, అది గూడ చెప్పింది. దగ్గు పోతలేదు, దవాఖానకు పోదాం రమ్మన్న. అమ్మ లేకుండ పోనన్నది."

శోభారాణి పిడికిలి ఆ వస్తువు మీద బిగుసుకుంది. ఇప్పుడే ట్యూషన్‌కు పోయి అందరినీ కడిగేయాలనిపించింది.

"ట్యూషన్ సంగతి ఇద్దరం కలిసి చూద్దం. అది మాత్రం ఆడ పెట్టు వదినె," అంది రాహేలు. "నువ్వు తీస్కపోతే నాకు చెప్పుడు గూడ బంద్ జేస్తది. నీకెట్లాగూ చెప్తలేదు."

ఆ మాట తగలాల్సిన చోటే తగిలింది. శోభారాణి తన చేత్తోనే దాన్ని సొరుగులో పెట్టింది. ఇంత మనసు చంపుకుని ఆమె ఏ బేరమూ చేయలేదు.

సోమవారం బస్సు వేళకు గిర్ని ఆపేసి, ఊడిన హుక్కుల జాకెట్ పట్టుకుని రాహేలు స్టూలు మీద కూర్చుంది. హారిక వచ్చి గుమ్మంలోనే ఆగిపోయింది.

"ఇవి జర కుట్టియ్యవా?" అంది తల్లి.

పిల్ల రాహేలు పక్కన కూర్చుని సూది అందుకుంది. రెండు కుట్లు వేసేసరికి దగ్గొచ్చింది.

"రేపు దవాఖానకు పోదామా బిడ్డా? నేను గూడ చూపించుకుంట."

సూది ఆగింది. రాహేలు తలెత్తకుండా మిషన్ తొక్కుతూనే ఉంది.

"అమ్మా, నీకో మాట చెప్పాలె."

శోభారాణి నాలుక చివర పది ప్రశ్నలు నిలబడ్డాయి. "చెప్పు," అని మాత్రం అంది.

చెబుతున్నంతసేపూ పిల్ల చేయి రాహేలు మోకాలి మీదే ఉంది. శోభారాణి అది చూసింది. అయినా కళ్లు తిప్పుకోలేదు.

ఆ సాయంత్రానికి ఆమెకు దక్కింది ఇంత: గంటసేపు కూతురి మాట, ఒక ఏడుపు, రేపు పొద్దున దవాఖానకు ఇద్దరూ కలిసి పోవడం. మిగిలిన సగం బిడ్డ ఇంకా ఎదురు దుకాణంలోనే ఉంది. గిర్ని పెట్టిన నాటితో చూస్తే తక్కువే. నిన్నటితో చూస్తే ఎక్కువ.