గోడకు అంటిన వరద

పొద్దున్న ఏడింటికల్లా ఇస్త్రీ అక్క పెట్టెలో బొగ్గులు రాజేసి పనిలో పడేది. వరద తీసి నాలుగు నెలలైనా ఆమె చీర ఛాతీ దాకా తడిగానే ఉంది. పల్లపు వీధిలో అందరిదీ అదే తంతు. నీళ్లు ఎవరికి ఎంతవరకు వచ్చాయో అంతవరకు తడి, ఎంత ఎండలో నిలబడ్డా ఆరదు. పొడుగాటి దర్జీకి నడుము దాకా, పొట్టి టీకొట్టాయనకి గొంతు దాకా. బజార్లో కొట్లవాళ్లు గుమ్మంలో గోనెసంచి పరిచి ఊరుకున్నారు. ఇస్త్రీ అక్కకు మాత్రం బట్టల మీద చుక్కలు పడి బేరాలు సగం పోయాయి.

ముంపు ఇళ్లవాళ్లకు మెట్ట మీద ఇళ్ల స్థలాలు ఇస్తామన్నారు సర్కారువాళ్లు. వానలు మొదలయ్యేలోపు అందులో ఒకటి దక్కకపోతే, మంచం పట్టిన మొగుణ్ణి మళ్లీ తలుపుచెక్క మీద పడుకోబెట్టి నీళ్లలో తోసుకెళ్లాలి. రెండోసారి అది తనవల్ల కాదని ఆమెకు తెలుసు.

సర్వేకి అధికారి వస్తున్నాడని తెలిసి తాను చేసిన పని తలుచుకుంటే ఆమెకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. పెద్దమనిషి ఇంటికొస్తుంటే ఈ బురదేమిటని సిగ్గుపడి, రెండు రోజులు గోడలు తోమి సున్నం వేసింది. ఆ పెద్దమనిషి గుమ్మంలోంచే తొంగిచూసి, జేబులోంచి టేపు తీయకుండానే, నీటి గీత లేదు గనక ముంపు లేదని రాసుకుపోయాడు. ఆమె కొంగులోంచి కారిన నీళ్లకు అతని బూట్లు తడిశాయి కూడా. వార్డు పెద్ద మాత్రం మెట్ట మీదున్న తన మేడకి మట్టిరంగు పెయింటుతో గీత కొట్టించి, జాబితాలో మొదటి పేరయ్యాడు.

అర్జీ పట్టుకుని ఆఫీసుకెళ్లింది. అధికారి కుర్చీ వెనక ప్రశంసాపత్రం వేలాడుతోంది. వరదలో ఆఫీసులోకి చుక్క నీరు రానివ్వకుండా కాపాడినందుకట. నీళ్లు ఆ వైపుకే రాలేదు. ఆ మూడు రోజులూ మహానుభావుడు అత్తగారింట్లో దుప్పటి ముసుగేసుకుని పడుకున్నాడు.

"గోడ మీద గీత ఉండాలమ్మా, రూలు" అన్నాడు తలెత్తకుండా.

"నా ఒంటి మీదుంది కద సార్."

"ఒంటికి కాలమ్ లేదు."

మూడు గంటలు నిలబెట్టాడు. కాళ్లు పీకి ఆమె గోడకు ఆనుకుంది. ఆమె ఛాతీ ఎత్తులో ఒక బురద గీత బయల్దేరి, నాలుగు గోడలూ చుట్టి, ప్రశంసాపత్రం మీదుగా వచ్చి కలిసింది. చీర పొడిగా ఒంటికి తగిలింది. నాలుగు నెలల తర్వాత ఆ పొడిదనానికి ఆమెకు ఏడుపొచ్చినంత పనైంది.

ప్యూను గీత చూసి, వెళ్లి సున్నం డబ్బా తెచ్చాడు. మూడు పూతలేసినా గీత పైకి తేలింది. మర్నాడే పైఅధికారి తనిఖీ. ఆఫీసులోకి నీళ్లొచ్చాయంటే ప్రశంసాపత్రం అబద్ధమవుతుంది, రాలేదంటే గీతకు సంజాయిషీ లేదు. అధికారి ఉన్న కాస్త బుర్రనీ పిండి చివరికి ఒక దారి కనిపెట్టాడు. ఆ గది ఆఫీసు కాదని, అర్జీదారు నివాసమని, నాలుగడుగులు మునిగిందని రాసి ముద్ర కొట్టాడు. ఆమె పేరు వార్డు పెద్ద పేరు కింద చేరింది.

ఆమె కాగితం రెండుసార్లు చదువుకుంది. దండం మాత్రం పెట్టలేదు. సాయంత్రానికల్లా మొగుడి మంచం తెచ్చి ఫ్యాను కింద వేసింది, కిటికీ పక్కన ఇస్త్రీ బల్ల పెట్టింది.

"స్థలం ఇచ్చేదాకా మేమిక్కడే ఉంటాం" అంది. "మీరేదన్నా రాసుకోవాలంటే వరండాలో కూర్చోండి."

మర్నాడు పైఅధికారి జీపు దిగేసరికి అతను వరండాలో స్టూలు మీద, ఒళ్లో ఫైళ్లతో ఉన్నాడు. పల్లపు వీధివాళ్లు ఒక్కొక్కరే అతణ్ణి దాటుకుంటూ లోపలికెళ్లి, ఖాళీగా ఉన్న గోడ వెతుక్కుని ఆనుకుంటున్నారు.