ఒకే గుడ్డలో రెండు

ఇంగ్లీషు సాహిత్యం, కథారచన కలిపి ఎమ్మే చేస్తున్న చిన్నదానికి ఇక అక్క సంతకం ఒక్కటే మిగిలింది. బతికున్న మనిషి జీవితం మీద థీసిస్‌గా కథ రాస్తే, ఆ మనిషి ఒప్పుకున్నట్టు కాగితం జతచెయ్యాలని ఆ విభాగం నియమం. రేపటిలోగా ఇవ్వకపోతే రెండేళ్ల చదువు బూడిదలో పోసిన పన్నీరే.

అక్క టైలరు. చిన్నదానికన్నా పద్దెనిమిదేళ్లు పెద్ద. వీధి గదిలో మిషను ముందు కూర్చుని పొద్దస్తమానం ఎవరెవరివో బట్టలు కుడుతుంది. ఇంగ్లీషు ముక్క రాదు. చూపించిన చోట సంతకం పెట్టేసే మనిషే గానీ, ఆ సాయంత్రం ఎందుకో కత్తెర పక్కన పెట్టి, "ముందు అందులో ఏముందో తెలుగులో చెప్పు" అంది.

చిన్నది థీసిస్ తెరవడానికి వెనకాడింది.

కథ అక్కదే మరి. పుట్టిన రోజే పోయిన కూతురికి ఏడాదికో గౌను, ఏటికేడు సైజు పెంచుతూ కుట్టి పెట్టెలో దాచుకునే తల్లి కథ. అమ్మ పోయినప్పుడు చిన్నది అన్నం మానేసి పడుకుంటే, ఓదార్చడానికి అక్క ఒకే ఒక్కసారి చెప్పుకున్న మాట అది. చిన్నది దాన్ని క్లాసుకి మోసుకెళ్లింది. ఆ క్లాసులో ఒక పద్ధతుంది. మిగతావాళ్లు కథని చీల్చి చెండాడుతున్నంతసేపూ రాసినవాళ్లు నోరెత్తకూడదు. ఎనిమిది మందీ కలిసి, ముగింపు తేలిపోయింది, ఆవిడ ఆ గౌన్లు తగలబెట్టాలి అని తీర్పు చెప్పారు. ప్రొఫెసరు తలూపాడు. చిన్నది ఇంటికొచ్చి శుభ్రంగా తగలబెట్టేసింది. కాగితం మీదే కదా, తనదేం పోయింది!

ఇప్పుడు తెలుగులో చెప్తూ చివరి మూడు పేజీలు మింగేద్దామనుకుంది. "ఇంకా కాగితాలున్నాయిగా" అంది అక్క. తప్పక చదివింది.

అక్క మిషను చక్రం మీద చెయ్యి ఆనించింది.

"మీ క్లాసులో రాసినవాళ్లు మాట్లాడకూడదన్నావు కదా. అయితే నువ్వూరుకో, నేను చెప్తా."

చిన్నది కాగితాలు కింద పెట్టింది.

"నేనేం కాల్చలేదు. సరే, అదలా ఉంచు. గౌన్లు ఏటికేడు పెద్దవయ్యాయని రాశావు. ఎంత పెద్దవి కుట్టాలో నాకెలా తెలిసేదో రాయలేదేం?"

ఎనిమిది మందిలో ఒక్కరూ అడగని ప్రశ్న. చిన్నదానికీ ఏనాడూ తట్టలేదు.

"నా కూతురు పోయిన నెలకి అమ్మ నిన్ను కంది. నీ పుట్టినరోజుకి ముందు టేపు పెడితే చక్కిలిగిలని మెలికలు తిరిగేదానివి. నీ కొలతకే ఒకే గుడ్డలో రెండు కత్తిరించేదాన్ని. ఒకటి నీకు, ఒకటి పెట్టెకి. ఇప్పటికీ అంతే. తెల్ల లేసు గౌన్లని రాశావే, ఒక్కటీ తెల్లది లేదు. నీ పచ్చపూల గౌను, జేబుల గౌను, అవే అన్నీ."

అక్క పెన్ను తీసుకుని, గీత మీద అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ సంతకం పెట్టింది.

"నీ నోట్లో నువ్వుగింజ నానదని తెలిసీ చెప్పాను. తప్పు నాదేలే."

ముగింపు మార్చేస్తానని అప్పుడైనా అనాల్సింది. క్లాసులోనంటే నియమం, ఇక్కడ నోరు నొక్కిందెవరు? సిగ్గుతో చచ్చిపోయింది చిన్నది. అయినా కాగితం మడిచి సంచిలో పెట్టుకుంది.

డిగ్రీ వచ్చింది, మంచి మార్కులతోనే. పుట్టినరోజు వారం ఉందనగా చిన్నది మిషను దగ్గరికెళ్లి, ఎప్పట్లాగే చేతులు చాపి నిలబడింది.

టేపు అక్క మెడలోనే వేలాడుతోంది. ఆమె ఎవరిదో ప్యాంటు అంచు మడుస్తూ తలెత్తలేదు.

"ఇంకెందుకే" అంది. "కాల్చేశాం కదా."