ఆగయ్య తూకం

కాంటాకు పసుపు రాసి కుంకుమబొట్టు పెట్టి ఆగయ్య రెండు చేతులూ జోడించాడు. అఫ్జల్‌గంజ్‌లో రామ్‌చందర్ సేటు బెల్లం దుకాణంలో, సేటు తండ్రి కాలం నుంచీ, పొద్దున్నే అతను చేసే మొదటి పని ఇది. బస్తా చేజారి చిట్లినా ఏమీ అనడు గానీ, కాంటా మీద కాలు పెడితే ఎంతటివాణ్నయినా ఊరుకోడు. ఆ మధ్య ఓ కొత్త హమాలీ సరదాకి ఎక్కి నిలబడితే రెక్క పట్టి దింపి, వాడి చేతనే ఇనుప పలక కడిగించాడు.

మనిషి సన్నం. బస్తాలు మోసి మోసి ఎడమ భుజం కాస్త దిగింది. మెడ వెనక కాయ కాచింది. ఇక అరికాళ్లంటారా, ఎండాకాలపు నల్లరేగడే. లారీలకు లారీల బెల్లం తూచిన ఆ మహానుభావుడికి తన బరువెంతో మాత్రం తెలియదు. అవసరమూ పడలేదు.

ఇప్పుడు పడింది. వానాకాలంలో గుండెల్లో నొప్పి వచ్చి అతను మంచాన పడితే, భార్య నాగమణమ్మ సమ్మక్క తల్లికి మొక్కుకుంది. మనిషి లేస్తే నిలువెత్తు బంగారం ఇస్తానంది. మేడారంలో బంగారమంటే బెల్లమే. మనిషి ఎంత తూగితే అంత బెల్లం గద్దె దగ్గర పెట్టాలి. ఆగయ్య లేచాడు, మళ్లీ బస్తా ఎత్తాడు. జాతర వచ్చే నెలలోనే ఉంది. బస్టాండులో రూపాయి బిళ్ల వేస్తే చీటీ రాల్చే యంత్రం ఎక్కి చూశాడు. అనుమానం వచ్చి మళ్లీ ఎక్కితే రెండో చీటీ ఇంకోలా వచ్చింది. దాని మీద నమ్మకం పోయింది. తల్లికిచ్చేది పిసరంత తక్కువైనా మొక్కు మొక్కు కాదు. ఉప్పుగూడ నుంచి బస్సులో వచ్చేటప్పుడూ పోయేటప్పుడూ అతనికి ఇదే బెంగ.

దుకాణం పైనే సేటు ఇల్లు. ఒళ్లు తగ్గించమని డాక్టరు గట్టిగా చెప్పినప్పటి నుంచి సేటు భార్య విమలాదేవి ఓ కొత్త మిషన్ తెప్పించుకుంది. గాజు పలక, దాని మీద వెండిరంగు పట్టీలు. ఎక్కితే బరువే కాదు, ఒంట్లో కొవ్వెంతో, నీరెంతో కూడా చూపిస్తుంది. సేటు మేజోళ్లతో ఎక్కి, లెక్కలు రాకపోయేసరికి అది చెడిపోయిందని తీర్పు చెప్పేశాడు. మధ్యాహ్నం ఇంట్లోకి బెల్లం దిమ్మ ఇవ్వడానికి పైకి వెళ్లిన ఆగయ్య గడప దగ్గరే ఆగాడు.

"అమ్మా, గా మిషిన్ మీద నేనొకపారి ఎక్కొచ్చా? మొక్కు కోసం."

"ఎక్కు ఆగయ్యా. గిదేం కాంటా కాదు, దీనికి పూజ గిట్ల చెయ్యం."

అయినా వంగి పలకను తాకి కళ్లకద్దుకున్నాడు. మిషన్‌లో అతని వయసు నొక్కాలని ఆమె అడిగితే, రజాకార్ల లొల్లప్పుడు తల్లి సంకలో ఉన్నానన్నాడు. ఆమె వేళ్ల మీద లెక్క కట్టి నొక్కింది. బరువు వచ్చింది, యాభై నాలుగు కిలోలు. మిగతా లెక్కలు మాత్రం రాలేదు. ఆ అరికాళ్ల మందాన్ని దాటి లోపల ఏముందో తెలుసుకోవడం పాపం మిషన్ వల్ల కాలేదు. విమలాదేవి మిషన్‌తో వచ్చిన పుస్తకం తిరగేసి, పాదాలు తడపాలని చెంబుతో నీళ్లిచ్చింది. వేళ్ల సందుల్లో ఇరుక్కున్న బెల్లం కరిగి, గోధుమరంగు నీళ్లు కారుతున్న కాళ్లతో అతను మళ్లీ ఎక్కాడు. ఈసారి అన్నీ వచ్చాయి. తనలో ఉన్న కొవ్వులో సగం కూడా అతనికి లేదని ఆమె కొంచెం అసూయగానే చెప్పింది.

అన్నం తింటున్న సేటు అక్కడి నుంచే మెడ చాచి చూశాడు.

"సగం నీళ్లేనట గదా ఆగయ్యా. నీళ్లకు బెల్లం ఎందుకు దండగ? తీసేసి తూచు."

ఆగయ్య నవ్వలేదు. తడికాళ్లతో అలాగే నిలబడ్డాడు.

"తల్లి నన్ను సగమే లేపలే గద సేటూ."

సేటు చెయ్యి కడుక్కొచ్చి బెల్లం నేనిస్తానులే అంటే, మొక్కు బంగారం సొంత కష్టానిదే కావాలని ఆగయ్య వద్దన్నాడు.

కిందికొచ్చి మంచి రంగున్న దిమ్మలు ఏరాడు. బరువు సరిపోయాక కూడా ఇంకో ముక్క వేసి, కాంటా మొగ్గాక గానీ తృప్తి పడలేదు. రెండు కొత్త సంచుల్లో నింపి, ఎవరినీ చెయ్యి వేయనివ్వకుండా తనే మోసి మూలన పెట్టాడు. ఎన్ని వేల బస్తాలు ఎత్తాడో గానీ, ఇంత సంతోషంగా ఏదీ ఎత్తలేదు. ఇక తల్లికి తక్కువేమీ లేదు. రుమాలు విదిలించి భుజాన వేసుకుని, సంచులకు వీపు ఆనించి కూర్చున్నాడు.

లారీ వచ్చింది. పిలిచారు. ఆగయ్య పలకలేదు. పిలిస్తే పలకకపోవడం అతనికి లేదు కాబట్టి సేటే లేచి వచ్చి భుజం మీద చెయ్యి వేశాడు. ఒళ్లింకా వెచ్చగానే ఉంది, మనిషి లేడు.

దినాలయ్యాక నాగమణమ్మ తమ్ముణ్ని వెంటబెట్టుకుని సంచుల కోసం వచ్చింది. మనిషే పోయాక ఇంకేం మొక్కని, తల్లి మాట నిలబెట్టుకోలేదు కదా అని సేటు మెల్లగా అన్నాడు. ఆమె కొంగు నడుముకు బిగించింది.

"నిలబెట్టుకున్నది సేటూ. లెవ్వడన్న మనిషి లేసిండు. దసరా నా పక్కన కూసొని చేసుకున్నడు, రోజు నా చేతి బువ్వ తిన్నడు. తీసుకున్నదానికి ఇయ్యాలె గద. నాకు మైల, మా తమ్ముడు తీస్కపోతడు."

పుట్టి బుద్ధెరిగాక ఎన్నడూ సంచి ఎత్తని సేటు, ఒకటి తనే రొప్పుతూ ఆటోదాకా మోసుకెళ్లి పెట్టాడు.

విమలాదేవి పైనుంచి ఆటో మలుపు తిరిగేదాకా చూసి లోపలికొచ్చింది. ఆగయ్య పోయిన రోజు నుంచి ఆమె మిషన్ ఎక్కలేదు, తుడవడానికి వచ్చిన పనిమనిషినీ తుడవనివ్వలేదు. గాజు పలక మీద బెల్లపు నీళ్లు ఎండి, పగుళ్లతో సహా రెండు పాదాలు అలాగే ఉన్నాయి.